ఆఫీసు పార్కింగ్‌లో 12 ఈవీ ఛార్జింగ్ పాయింట్లు: సప్లై పెంచకుండా ఎలా పెట్టాం, ఎక్కడ దెబ్బతిన్నాం

"రెండు 60 కిలోవాట్ల డీసీ ఫాస్ట్ ఛార్జర్లు కావాలి. వాటికి సరిపడా సప్లై పెంచాలంటే ఏమేం చేయాలో చెప్పండి." ఆ ఆఫీసు నుంచి నాకొచ్చిన మొదటి మెయిల్ ఇంతే. ఏడాది తిరిగేసరికి అక్కడ పనిచేస్తున్నవి నెమ్మదిగా ఎక్కించే ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) రకం పాయింట్లు, 12. సప్లై ఒక్క కిలోవాట్ కూడా పెంచలేదు. మధ్యలో ఒక మధ్యాహ్నం బిల్డింగ్ మొత్తానికి కరెంటు పోయింది, దానికి కారణం మా పనే. ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడినవి కాబట్టి మొదటి నుంచి రాస్తున్నాను. ఆఫీసుల్లో ఛార్జర్లు పెట్టేవాళ్లకీ, పెట్టించుకునేవాళ్లకీ పనికొస్తుందని నా నమ్మకం.

పక్కకు ఎవరు తీస్తారు?

ఆఫీసులో 220 మంది పనిచేస్తారు. పార్కింగ్ 96 కార్లకు. సగం సెల్లార్‌లో, సగం ఆరుబయట. త్రీ ఫేజ్ సప్లై, అంటే కరెంటు మూడు వైర్ల మీద వస్తుంది, ఒక్కో వైరు ఒక ఫేజ్. కాంట్రాక్ట్ లోడ్, అంటే కరెంటు సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ లోడ్, 200 కేవీఏ (ఇక్కడ దాదాపు కిలోవాట్ అనుకోవచ్చు). 400 వోల్టుల మీద లెక్కేస్తే ఫేజుకు సుమారు 289 ఆంప్స్. మెయిన్ బ్రేకర్‌లో (లోడ్ మించితే బిల్డింగ్ మొత్తానికి కరెంటు ఆపే స్విచ్) ఓవర్‌లోడ్ సెట్టింగ్ కూడా 290 దగ్గరే పెట్టి ఉంది.

మొదటి మీటింగ్‌లో ఫెసిలిటీస్ మేనేజర్ తన ఆలోచన చెప్పారు. "బంకులో లాగే అండీ. రావాలి, అరగంటలో నింపుకోవాలి, కారు పక్కకు తీయాలి. రెండు పెడితే రోజుకు ఇరవై కార్లయినా అయిపోతాయి." వినడానికి సబబుగానే ఉంటుంది. నేను ఆవిడను ఒక్కటే అడిగాను: "పక్కకు ఎవరు తీస్తారండీ?"

అరగంటకోసారి ఒకరు మీటింగ్ మధ్యలో లేచి, లిఫ్ట్ దిగి, కారు తీసి, వేరే చోటు వెతుక్కుని పెట్టి పైకి రావాలి. తర్వాతి మనిషి సరిగ్గా అప్పుడే కిందికి వెళ్లాలి. రెండు రోజులు చేస్తారు. మూడో రోజు నుంచి నిండిన కారు సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది, మిగతావాళ్లు ఒకరినొకరు తిట్టుకుంటారు. వేరే చోట్ల ఇది నేను కళ్లారా చూశాను.

హైవే మీద ఆగిన మనిషికి టైమ్ లేదు, అందుకే అక్కడ ఫాస్ట్ ఛార్జర్ కావాలి. ఆఫీసులో పరిస్థితి పూర్తిగా తిరగబడుతుంది. పొద్దున 9కి వచ్చిన కారు సాయంత్రం 6 దాకా కదలదు. అక్కడ టైమ్‌కు కొదవ లేదు, కొదవ ఉన్నది సప్లైకి. దాన్ని ఆ తొమ్మిది గంటల మీద పరచడమే మన పని.

ఇది మాటతో చెబితే ఎవరూ నమ్మరు కాబట్టి చిన్న ఫారమ్ ఒకటి పంపించాం. రోజూ రానూపోనూ ఎన్ని కిలోమీటర్లు, ఇంటి దగ్గర ఛార్జింగ్ ఉందా లేదా, ఏ మోడల్ కారు, ఇప్పుడు ఈవీ లేకపోతే వచ్చే రెండేళ్లలో కొనే ఆలోచన ఉందా. అంతే. అప్పటికి ఈవీలు ఉన్నవాళ్లు 14 మంది. కొంటామన్నవాళ్లు 23 మంది. చాలామంది ప్రయాణం రోజుకు 30 నుంచి 60 కిలోమీటర్ల మధ్యే. యూనిట్‌కు 6 కిలోమీటర్లు అనుకుంటే కారుకు రోజుకు 5 నుంచి 10 యూనిట్లు చాలు. సగటున 8 వేసుకున్నా 14 కార్లకు 112 యూనిట్లు. ఎనిమిది గంటల మీద పంచితే 14 కిలోవాట్లు.

ఆ 14 అంకె బోర్డు మీద రాసినప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. 120 కిలోవాట్లు అడిగిన చోట నిజమైన అవసరం 14. రేపు 37 మందికీ ఈవీలు వచ్చినా 37 కిలోవాట్లే.

ఇంకో విషయం కూడా అప్పుడే చెప్పాల్సి వచ్చింది. ఏసీ పాయింట్‌ను మనం ఛార్జర్ అంటున్నాం గానీ, ఏసీని డీసీగా మార్చి బ్యాటరీకి పంపే అసలు ఛార్జర్ కారులోనే ఉంటుంది. గోడ మీద ఉన్న పెట్టె "ఇంత వరకు తీసుకో" అని కారుకు చెప్పి, రక్షణ చూసుకుని, కాంటాక్టర్ (కరెంటును కలిపే స్విచ్) మూస్తుంది. కారులోని ఛార్జర్ 7.4 కిలోవాట్లదైతే 22 కిలోవాట్ల పాయింట్‌కు తగిలించినా 7.4 కన్నా ఎక్కువ తీసుకోదు. కేటలాగ్‌లో పెద్ద అంకె చూసి కొనేవాళ్లు ఇక్కడే మోసపోతారు. మా 14 కార్లలో 9 సింగిల్ ఫేజ్‌వి, 5 త్రీ ఫేజ్‌వి. ఈ 9, 5 లెక్కే తర్వాత మా మెడకు చుట్టుకుంది.

బిల్లు చెప్పనిది లాగర్ చెప్పింది

కాంట్రాక్ట్ 200, బిల్లులో మాక్సిమమ్ డిమాండ్ (ఆ నెలలో పడిన అత్యధిక లోడ్) 150 చిల్లర, కాబట్టి 50 మిగిలింది అని లెక్క తేల్చేవాళ్లు చాలామంది. ఆ 150 ఏ టైమ్‌లో వచ్చింది, ఏ ఫేజ్ మీద ఎంత పడింది అన్నది బిల్లులో ఉండదు. ఛార్జర్లకు కావలసింది సరిగ్గా ఆ రెండే. అందుకని మెయిన్ ప్యానెల్‌లో లోడ్ లాగర్ (ఎప్పుడు ఎంత కరెంటు పోతోందో రాసుకునే పరికరం) పెట్టి రెండు వారాలు వదిలేశాం. ఏసీలు బాగా నడిచే ఎండల రోజులు చూసుకునే పెట్టాం. చల్లటి రోజుల్లో కొలిచి ఎండాకాలానికి డిజైన్ చేస్తే ఎవరిని మోసం చేసుకున్నట్టు?

మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య బిల్డింగ్ లోడ్ 148 కేవీఏ దాకా వెళ్తోంది. మూడు ఫేజుల్ని ఆర్, వై, బి అంటాం. వాటి వారీగా చూస్తే ఆర్ మీద 205 ఆంప్స్, వై మీద 230, బి మీద 206. వై ఎక్కువగా ఉండడానికి కారణం సర్వర్ రూమ్. దాని కూలింగ్ యూనిట్లు ఎక్కువ భాగం ఆ ఫేజ్ మీదే ఉన్నాయి. పొద్దున 9 నుంచి 11 మధ్య చూస్తే 110 కేవీఏ, అంటే ఫేజుకు 160 లోపే.

290 సెట్టింగ్‌కు పది శాతం తగ్గించి, ఏ ఫేజూ 260 ఆంప్స్ దాటకూడదని గీత గీసుకున్నాం. ఆ లెక్కన పొద్దున ఫేజుకు 100 ఆంప్స్ ఖాళీ, మూడు ఫేజుల మీద దాదాపు 69 కిలోవాట్లు. మధ్యాహ్నం ఆర్ మీద 55, వై మీద 30, బి మీద 54 మాత్రమే. అదృష్టం ఏమిటంటే కార్లన్నీ వచ్చేది పొద్దున్నే. బిల్డింగ్ ఇంకా వేడెక్కకముందే సగానికి పైగా నిండిపోతాయి. ఆఫీసు ఛార్జింగ్‌లో నాకు బాగా నచ్చే విషయం ఇదే, కార్ల ఆకలి ఒక పూట, ఏసీల ఆకలి ఇంకో పూట.

అయితే ఆ రెండిటి మధ్య ఎవరో ఒకరు కాపలా కాయాలి. ఆ పని చేసేదే లోడ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్. మెయిన్ ఇన్‌కమర్ (ప్యానెల్‌లోకి కరెంటు వచ్చే చోటు) మీద మూడు సీటీలు, అంటే కరెంటు కొలిచే సెన్సర్లు, బిగించి, ఒక్కో ఫేజ్‌లో ఎంత పోతోందో క్షణక్షణం చూస్తుంది. ఖాళీ ఉన్నంత మేరకే ఛార్జర్లకు పంచుతుంది. బిల్డింగ్ లోడ్ పెరిగితే ఛార్జర్లను తగ్గిస్తుంది.

తగ్గించడానికీ ఒక హద్దు ఉంది. పాయింట్‌కూ కారుకూ మధ్య కంట్రోల్ పైలట్ అనే సన్నటి వైరు ఒకటి ఉంటుంది. దాని మీద సెకనుకు 1000 సార్లు ఆగి సాగే సిగ్నల్ నడుస్తుంది. ఆ సిగ్నల్ ఎంత శాతం సేపు పైన ఉందో దాన్ని 0.6తో గుణిస్తే వచ్చేదే కారు తీసుకోదగ్గ ఆంప్స్. 10 శాతం ఉంటే 6 ఆంప్స్, 53 శాతం ఉంటే 32. ఐఈసీ 61851 ప్రమాణం ప్రకారం 6 ఆంప్స్ కన్నా కిందికి చెప్పడం కుదరదు. అంతకన్నా తక్కువ ఇవ్వాలంటే పూర్తిగా ఆపడం ఒక్కటే దారి. ఆపితే కొన్ని కార్లు నిద్రలోకి జారుకుంటాయి, మళ్లీ కరెంటు ఇచ్చినా లేవవు. సాయంత్రం ఓనర్ వచ్చి చూస్తే బ్యాటరీ పొద్దున ఉన్నట్టే ఉంటుంది. కాబట్టి అన్ని కార్లకూ ఒకేసారి కనీసం 6 ఆంప్స్ ఇవ్వగలమా అన్నదే నేను మొదట వేసుకునే లెక్క. ఎన్ని పాయింట్లు పెట్టవచ్చో తేల్చేది అదే.

ఇక్కడే సింగిల్ ఫేజ్ కార్ల సంగతి వస్తుంది. త్రీ ఫేజ్ పాయింట్‌కు సింగిల్ ఫేజ్ కారు తగిలిస్తే అది ఎల్1 అనే మొదటి ఫేజ్ టెర్మినల్ నుంచి మాత్రమే తీసుకుంటుంది. 12 పాయింట్లలోనూ ఎల్1కి ఆర్ ఫేజే కలిపి ఉంటే, 12 సింగిల్ ఫేజ్ కార్లు వచ్చిన రోజు మొత్తం బరువు ఆర్ మీదే. కనీసం 6 చొప్పున ఇచ్చినా 72 ఆంప్స్. మధ్యాహ్నం ఆర్ మీద ఖాళీ 55. అటు బి ఫేజ్ ఖాళీగా పడి ఉన్నా ఇటు కార్లను ఆపాల్సి వస్తుంది. అందుకే ఫేజులు మార్చి కలుపుతారు. 1వ పాయింట్‌కు ఆర్-వై-బి, 2వ దానికి వై-బి-ఆర్, 3వ దానికి బి-ఆర్-వై, మళ్లీ మొదటి నుంచి. అప్పుడు ఫేజుకు నాలుగు సింగిల్ ఫేజ్ కార్లు, కనీసం 24 ఆంప్స్. బాగా ఇరుకుగా ఉన్న వై ఫేజ్ మీద కూడా 30లో 24 పడుతుంది. 12 అన్న సంఖ్య ఇలా తేలింది.

పాయింట్ల ఎంపిక

నాలుగు కంపెనీల పెట్టెలు చూశాం. పవర్ రేటింగ్ గురించి మాట్లాడుకున్నది అన్నిటికన్నా తక్కువ. 32 ఆంప్స్ త్రీ ఫేజ్, టైప్ 2 సాకెట్ అందరి దగ్గరా ఉంది. నేను పట్టుబట్టినవి వేరే.

మొదటిది ఓసీపీపీ. పాయింట్ ఒక కంపెనీది, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ ఇంకో కంపెనీది అయినా మాట్లాడుకోగలిగే భాష అది. బ్రోషర్‌లో ఓసీపీపీ 1.6 అనో 2.0.1 అనో రాసి ఉంటే సరిపోదు. అమ్మే కంపెనీ దగ్గర నుంచి ఒక శాంపిల్ తెప్పించి, వాళ్లది కాని సాఫ్ట్‌వేర్‌కు కలిపి చూశాం. కార్డు చూపిస్తే మొదలవ్వాలి, మనం పంపిన కరెంటు లిమిట్ పాటించాలి, రీడింగులు సరిగ్గా పంపాలి. ఒక కంపెనీది మొదలైంది గానీ లిమిట్ మారిస్తే పట్టించుకోలేదు. అక్కడితో దాన్ని పక్కన పెట్టేశాం. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కంపెనీ రేపు మూతపడితే 12 పెట్టెలూ గోడకు వేలాడే ఇనుప డబ్బాలు అవుతాయి. అందుకే దీని మీద నేను రాజీపడను.

రెండోది సిగ్నల్ పోయినప్పటి ప్రవర్తన. కంట్రోలర్‌కూ పాయింట్‌కూ మధ్య వైరు తెగితే పాయింట్ ఏం చేస్తుంది? చివరిసారి చెప్పిన 32 ఆంప్స్ మీదే మొండిగా నడుస్తుందా, 6కి దిగుతుందా? దిగాలి. దిగకపోతే లోడ్ మేనేజ్‌మెంట్ ఉన్నా లేనట్టే.

మూడోది డీసీ లీకేజ్. కారులోని రెక్టిఫయర్‌లో (ఏసీని డీసీగా మార్చే భాగం) లోపం వస్తే ఎర్త్‌లోకి నునుపైన డీసీ లీక్ కావచ్చు. మామూలు ఆర్‌సీడీలో (లీకేజ్ కనిపిస్తే కరెంటు ఆపే పరికరం) ఉండే కోర్ ఆ డీసీతో నిండిపోయి, నిజంగా మనిషికి షాక్ కొట్టే ఏసీ లీకేజ్ వచ్చినప్పుడు గుర్తించదు. బయటికి మాత్రం బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే ప్రతి పాయింట్‌కూ విడిగా 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీడీ, అది టైప్ బి అయినా కావాలి, లేదా 6 మిల్లీ ఆంప్స్ డీసీని పసిగట్టి ఆపే ఏర్పాటుతో కూడిన టైప్ ఏ అయినా కావాలి. మేం రెండో దారి తీసుకున్నాం, ఆ ఏర్పాటు పాయింట్ లోపలే ఉంది.

సైట్‌లో దీనికి తోకలా ఇంకో సమస్య కనిపించింది. పార్కింగ్ లైట్ల ప్యానెల్ నుంచే ఛార్జర్లకు ఫీడ్ తీసుకుందామని కాంట్రాక్టర్ అన్నారు. ఆ ప్యానెల్ ఇన్‌కమర్‌గా పాత టైప్ ఏసీ (ఏసీ లీకేజ్‌ను మాత్రమే చూసే రకం) ఆర్‌సీడీ ఉంది. ఒక్కో పాయింట్ 6 మిల్లీ ఆంప్స్ లోపు డీసీని వదిలేస్తుంది, అది తప్పు కాదు. కానీ 12 పాయింట్లు కలిస్తే 72 దాకా అవుతుంది, అదంతా పైనున్న ఆ ఒక్క ఆర్‌సీడీ గుండానే పోవాలి. దాన్ని గుడ్డిదాన్ని చేయడానికి అది చాలు. సెల్లార్‌లో ఉన్న సాకెట్లకు రక్షణ కూడా దానిమీదే ఆధారపడి ఉంది. కాబట్టి ఛార్జర్లకు మెయిన్ ప్యానెల్ నుంచి నేరుగా వేరే ఫీడర్ లాగాం.

సాకెట్ పెట్టాలా, కేబుల్ వేలాడే రకం పెట్టాలా అన్న చర్చ గంటసేపు సాగింది. సెల్లార్‌లో కేబుల్ ఉన్న రకం వాడేవాళ్లకు సుఖం. కానీ హడావిడిగా వెళ్లేవాళ్లు దాన్ని నేల మీద వదిలేస్తారు, వెనక వచ్చే కారు కనెక్టర్ మీదికి ఎక్కుతుంది. సాకెట్లే పెట్టాం.

గుంత ఒక్కసారే తవ్వాలి

మెయిన్ ప్యానెల్ నుంచి ఛార్జర్ ప్యానెల్‌కు 70 మీటర్లు. 125 ఆంప్స్ ఫీడర్, 50 చదరపు మిల్లీమీటర్ల నాలుగు కోర్ల కాపర్ కేబుల్. పూర్తి లోడ్‌లో వోల్టేజ్ డ్రాప్ నాలుగు వోల్టులు, 2 శాతం లోపే. న్యూట్రల్‌ను సగం సైజ్ వేస్తే చాలు కదా అన్నారు, ఒప్పుకోలేదు. సింగిల్ ఫేజ్ కార్లు ఏ ఫేజ్ మీద ఎన్ని ఉంటాయో మన చేతిలో లేదు, అసమానమైన కరెంటంతా న్యూట్రల్‌లోంచే తిరిగి రావాలి.

ఛార్జర్ లోడ్ గీజర్ లోడ్ లాంటిది కాదు. 32 ఆంప్స్ నాలుగు గంటలు ఏకధాటిగా పోతుంది. అరగంట నడిచే లోడ్‌కు తట్టుకునే వదులు టెర్మినల్ నాలుగు గంటలకు తట్టుకోదు. ప్రతి టెర్మినల్‌నూ టార్క్ స్క్రూడ్రైవర్‌తో బిగించి, దాని మీద పెయింట్ గీత గీయించాను. నెల తర్వాత థర్మల్ కెమెరాతో చూస్తే, మిగతావన్నీ 40 డిగ్రీల చుట్టూ ఉన్నాయి, 7వ పాయింట్ ఐసోలేటర్‌లో (సప్లై విడదీసే స్విచ్) న్యూట్రల్ మాత్రం 71 చూపించింది. విప్పితే ఇన్సులేషన్ కొస స్క్రూ కింద చిక్కుకుని ఉంది, దాని అంచు అప్పటికే గోధుమ రంగుకు తిరిగింది. గీత చెక్కుచెదరలేదు, బిగుతు ఉంది, కానీ బిగిసింది ప్లాస్టిక్ మీద.

ఆరుబయటి వైపు తవ్వినప్పుడు మాకు కావలసింది రెండు పైపులు. ఆరు వేశాం. మిగతా నాలుగు ఖాళీగా, లోపల తాడు మాత్రం వేసి, రెండు చివర్లూ మూసి పెట్టాం. పైపులు పెద్ద ఖర్చు కాదు. తవ్వడం, మళ్లీ పూడ్చడం, మూడు వారాలు పార్కింగ్ మూసేయడం, అసలు కష్టం అంతా అదే.

స్థలం విషయంలో గేటు పక్కన, అందరూ మొదట ఆగే చోట పెట్టవద్దన్నాను. అక్కడ పెడితే పెట్రోల్ కార్లు దూరతాయి. ఒక మూలకు, కానీ వెలుతురు బాగా ఉన్న చోట పెట్టాం. రెండు పాయింట్లు వీల్‌చైర్ వాడేవాళ్లు దిగడానికి పక్కన చోటు ఉన్న పార్కింగ్ బేల దగ్గర, సాకెట్ అందే ఎత్తులో పెట్టాం. సెల్లార్ మెట్ల దారికి దగ్గరగా ఏదీ లేదు. అన్ని పాయింట్లనూ ఒకేసారి ఆపే ఎమర్జెన్సీ బటన్ సెల్లార్ బయట, సెక్యూరిటీ వాళ్లకు అందేలా ఉంది. సెల్లార్‌లో మొబైల్ సిగ్నల్ లేదని ముందే తెలుసు కాబట్టి నెట్‌వర్క్ కేబుల్ కూడా పవర్ కేబుల్‌తో పాటే వేరే ట్రేలో లాగాం.

ఆ మధ్యాహ్నం

మొదటి ఏడు వారాలు ఏ గొడవా లేదు. ఎనిమిదో వారంలో ఒక రోజు 2 గంటలకు అందరినీ పిలిచి పెద్ద మీటింగ్ పెట్టుకున్నారు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, దూరం నుంచి వచ్చేవాళ్లు ఒంటిగంట దాటాక వచ్చి కార్లు తగిలించారు. బయట మండే ఎండ. 2:40కి మెయిన్ బ్రేకర్ పడిపోయింది. లైట్లు, ఏసీలు, లిఫ్టులు అన్నీ ఆగాయి. లిఫ్టులో ఇద్దరు చిక్కుకున్నారు. సెక్యూరిటీ వాళ్లు బయటికి తీయడానికి పది నిమిషాలు పట్టింది. కరెంటు మళ్లీ ఇవ్వడానికి పాతిక నిమిషాలు.

నాకు ఫోన్ వచ్చింది. "మీ ఛార్జర్ల వల్లే అంటున్నారండీ అందరూ," అన్నారు ఫెసిలిటీస్ మేనేజర్. గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. లోడ్ మేనేజ్‌మెంట్ ఉంది, 260 దాటనివ్వదు అని ఆవిడకు మాట ఇచ్చింది నేనే.

వెళ్లి కంట్రోలర్ లాగ్ తీశాను. 2:10 నుంచి వై ఫేజ్ 260 దాటుతున్నట్టు కంట్రోలర్‌కు స్పష్టంగా తెలుసు. అది ఏం చేసిందో వరసగా రాసి ఉంది. 4వ పాయింట్‌లో ఉన్న త్రీ ఫేజ్ కారును 16 నుంచి 10కి తగ్గించింది. తర్వాత 6కి. తర్వాత పూర్తిగా ఆపేసింది. ఆ తర్వాత లాగ్‌లో ఒకే వాక్యం మళ్లీ మళ్లీ: వై ఫేజ్ మీద తగ్గించడానికి ఛార్జర్లు లేవు.

కానీ ఉన్నాయి. 2, 5, 8, 11 పాయింట్లలో నాలుగు సింగిల్ ఫేజ్ కార్లు ఒక్కోటి 32 ఆంప్స్ లాగుతున్నాయి. మొత్తం 128. బిల్డింగ్‌ది 230. కలిపితే 358. 290 సెట్టింగ్‌కు అది 1.23 రెట్లు. ఎలక్ట్రానిక్ ట్రిప్ యూనిట్ 1.2 రెట్లు దాటిన ఓవర్‌లోడ్‌ను ఎంతోసేపు భరించదు. బ్రేకర్ తన పని తాను చేసింది.

ఆ నాలుగు కార్లు కంట్రోలర్‌కు ఎందుకు కనపడలేదు? కనెక్షన్ చూడ్డానికి సూపర్‌వైజర్ 2వ పాయింట్ కవర్ విప్పారు. "సార్, మీ డ్రాయింగ్ ప్రకారమే మార్చి కలిపాం, చూడండి." నిజమే. ఎల్1 కింద వై ఫేజ్ వైరు, దాని మీద చక్కగా మార్కర్ కూడా ఉంది. తప్పు అతనిది కాదు. కంట్రోలర్ సెట్టింగుల్లో ప్రతి పాయింట్‌కూ "ఫేజ్ క్రమం" అని ఒక గడి ఉంటుంది. 12 గడుల్లోనూ కంపెనీ నుంచి వచ్చినట్టే ఆర్-వై-బి అని ఉంది. వైర్లు మార్చాం, ఆ సంగతి కంట్రోలర్‌కు చెప్పలేదు. పాయింట్ లోపలి మీటర్ కూడా తన మొదటి టెర్మినల్‌ను ఎల్1 అనే చెబుతుంది, దానికి బయట ఏ ఫేజ్ కలిపారో దానికేం తెలుసు? కాబట్టి ఆ నాలుగు కార్లూ ఆర్ మీద ఉన్నాయనే కంట్రోలర్ నమ్మింది. ఆర్ మీద ఖాళీ ఉంది కాబట్టి వాటిని ముట్టుకోలేదు. ఏ పాపమూ ఎరగని 4వ కారును మాత్రం ఆపేసింది.

దిద్దడానికి పది నిమిషాలు పట్టింది. ఎనిమిది గడులు మార్చాం, అంతే.

ఫేజులు మార్చి కలిపి, కంట్రోలర్‌కు చెప్పకుండా వదిలేయడం అసలు మార్చకుండా వదిలేయడం కన్నా ప్రమాదం. మార్చకపోతే కార్లు నెమ్మదిగా ఎక్కేవి, అంతకుమించి ఏమీ అయ్యేది కాదు. కమిషనింగ్ రోజు (వాడకానికి ఇచ్చే ముందు పరీక్షించే రోజు) నేను చూసుకున్నది మొత్తం లిమిట్ తగ్గిస్తే పాయింట్లు తగ్గుతున్నాయా లేదా అని మాత్రమే. అది పాసైంది. ఏ ఫేజ్ అన్నది ఒక్కోదాన్నీ విడిగా చూడలేదు. ఆ తప్పు నాది, వాళ్లకు రాసిచ్చిన రిపోర్టులో కూడా అలాగే రాశాను.

అప్పటి నుంచి నేను చేసే పరీక్ష ఇది. సింగిల్ ఫేజ్ కారు ఒకటి తీసుకుని, లేదా కారులా నటించే టెస్ట్ బాక్స్‌కు ఒక హీటర్ కలిపి, 1వ పాయింట్ నుంచి 12 దాకా ఒక్కోదానికీ తగిలిస్తాం. ఒకరు ప్యానెల్ దగ్గర క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) పట్టుకుని ఏ ఫేజ్ పెరిగిందో గట్టిగా చెబుతారు. ఇంకొకరు కంట్రోలర్ స్క్రీన్ మీద ఏ ఫేజ్ అని చూపిస్తోందో చెబుతారు. రెండూ కలిస్తే షీట్‌లో టిక్. తర్వాత సీటీలు కూడా సరైన ఫేజ్ మీదే ఉన్నాయా అని అదే పద్ధతిలో. చివరికి కంట్రోలర్ నెట్‌వర్క్ కేబుల్ పీకేసి, అన్ని పాయింట్లూ 6కి దిగాయో లేదో చూస్తాం. మొత్తం రెండు గంటల పని.

ఎవరు ఎంత కట్టాలి

మేనేజ్‌మెంట్ ఉచితంగా ఇద్దామనుకుంది. మనసు మంచిదే. కానీ ఉచితమంటే ఇంట్లో ఛార్జింగ్ ఉన్నవాళ్లు కూడా అక్కడ మానేసి ఇక్కడే నింపుకుంటారు. అపార్ట్‌మెంట్‌లో పాయింట్ లేక నిజంగా ఆఫీసు మీదే ఆధారపడినవాళ్లకు చోటు దొరకదు. ఇంటి కరెంటు ధరకు దగ్గరగా, యూనిట్ల లెక్కన తీసుకోమని చెప్పాను, ఒప్పుకున్నారు. నిమిషాల లెక్క మాత్రం వద్దని గట్టిగా చెప్పాను. మధ్యాహ్నం మన కంట్రోలరే 6 ఆంప్స్‌కు తగ్గిస్తుంది. నెమ్మదిగా ఇచ్చింది మనం, ఆలస్యానికి డబ్బు కట్టేది వాళ్లా? ఆ అన్యాయం వాళ్లకు మొదటి బిల్లులోనే తెలిసిపోతుంది.

కారు తీయమని ఎవరినీ అడగడం లేదు. రోజుకు ఎనిమిది, తొమ్మిది కార్లు తగిలిస్తున్నారు, 12 పాయింట్లూ నిండిన రోజులు తక్కువే. రోజూ 20 కిలోమీటర్లే తిరిగేవాళ్లు వారానికి రెండుసార్లు తగిలిస్తే చాలని వాళ్లకే అర్థమైంది. సెట్టింగులు దిద్దాక ఇప్పటికి ఎనిమిది నెలలు, ఏ ఫేజూ 260 దాటి నిలబడలేదు. లిఫ్టులో చిక్కుకున్న ఇద్దరిలో ఒకరు ఈమధ్యే ఈవీ కొన్నారని విని నాకు చాలా సంతోషమనిపించింది.

ఇప్పుడు రెండో విడత మొదలైంది. ఖాళీగా ఉంచిన పైపుల్లో తాళ్లు సిద్ధంగా ఉన్నాయి, ఇంకో 12 పాయింట్లు వేస్తున్నాం. అయితే వై ఫేజ్ మీద 30 ఆంప్స్‌లో ఎనిమిది కార్లకు కనీసం 48 పట్టదు. కాబట్టి ముందు సర్వర్ రూమ్ కూలింగ్ యూనిట్లను మూడు ఫేజుల మీదకు సర్దుతున్నాం. సర్దాక మధ్యాహ్నం ఫేజుకు 46 ఆంప్స్ దాకా మిగులుతుంది. 24 పాయింట్లలోనూ ఒకేసారి సింగిల్ ఫేజ్ కార్లు ఉండే మధ్యాహ్నం వస్తే ఫేజుకు ఒకటి ఆగుతుంది. అందుకోసం ఒకే కారు పావుగంటకు మించి ఆగకుండా వంతులవారీగా ఆపేలా కంట్రోలర్‌ను సెట్ చేసి, ఈ ఆఫీసు కార్లతోనే నిద్ర లేస్తున్నాయా లేదా అని ఒక్కోటీ పరీక్షిస్తున్నాం. ఇప్పటికి 17 చూశాం, రెండు లేవలేదు. ఆ రెంటి కార్డులకు ఆపడం నుంచి మినహాయింపు ఇచ్చాం. కాంట్రాక్టర్ ఒప్పందంలో ఈసారి ఒక వాక్యం చేర్చాను: పాయింట్ల వారీగా క్లాంప్ మీటర్ ఫేజ్ షీట్ సంతకంతో ఇచ్చాకే ఆఖరి బిల్లు. ఆ షీట్ కాపీ ఛార్జర్ ప్యానెల్ తలుపు లోపలి వైపు అతికించి ఉంటుంది, రేపు ఎవరైనా ఒక పాయింట్ మార్చడానికి వస్తే ముందు కనపడేది అదే.